ఓడినవాడి విలాసం

యుద్ధం గెలిచిన చోటే కథ ముగిస్తారు.
గెలిచినవాళ్లకి పట్టాభిషేకం,
గుర్రాలకి దాణా,
వాడి గురించి మాత్రం ఒక్క ముక్క:
"చీకట్లో కలిసిపోయాడు."

కలవలేదు.
వాడిప్పుడు హల్‌లో ఉంటున్నాడు.
హెజిల్ రోడ్డులో, చేపల కొట్టు మూసేసిన మలుపు దగ్గర,
మీగడ రంగు టెలిఫోన్ పెట్టెలో.

నాది ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ.
తెల్లారి ఐదుంబావుకి బస్సు.
ఆ పెట్టె పక్కన నిలబడితే
మడమల దగ్గర చలి కాస్త ఎక్కువ.
అదే వాడు.

ఒకప్పుడు వాడి పేరు వెలుగుమింగి.
ఏడు కోటల ఇనుములో తన పంతం కరిగించి పోశాడట.
కోపాన్ని కొలిమికిచ్చాడట.
చూపుని కాపలావాళ్ల కళ్లకి పంచిపెట్టాడట.
ఉన్నదంతా అలా బయటే దాచుకున్నవాడికి
కోటలు కూలిననాడు లోపలేం మిగులుతుంది?
నల్ల కిరీటాన్ని సాగగొట్టి
గుర్రాలకి నాడాలు వేసుకున్నారు.
కోరిక మిగిలింది.
చెయ్యి మిగల్లేదు.

మన పురాణాల్లో ఓడినవాడికీ ఏదో ఒకటి ముట్టజెప్తారు.
ఒకడికి పాతాళం రాసిచ్చారు,
ఒకడికి ఎప్పుడైనా ఓ పూట
చంద్రుణ్ణి నోట పెట్టుకునే వీలు,
ఒకడికి చావడానికి దేవుడి ఒడి.
వీడికి ఏ దేవుడూ చెయ్యెత్తి శాపమైనా పెట్టలేదు.
శాపమంటే గడువుంటుంది కదా.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు.
వీడు చావనూ లేదు,
కాణీ విలువా చెయ్యడు.

మొదట్లో హంబర్ బురదలో పడుకునేవాడట.
వేలు లేకపోయినా ఎలాగో గీసుకున్న సైన్యాల్ని
పోటు రోజుకి రెండుసార్లొచ్చి తుడిచేసి పోయేది.
సీగల్ పక్షుల మీద అరిచాడు.
అవి చిప్స్ పొట్లం కోసం కొట్టుకుంటున్నాయి,
తలెత్తలేదు.
అప్పుడు ఫోనులోకి చేరాడు,
ఆజ్ఞాపించడం తప్ప మరో విద్య రాదు మరి.
గొట్టంలో కూర్చుని
"తగలబెట్టండి, తగలబెట్టండి" అంటాడు.
అవతల డయల్ టోను.

నాతో పనిచేసే డోరీన్ వాళ్ల నాన్న
వేటపడవ మీద వెళ్లి తిరిగి రాలేదు.
ఆవిడ రోజూ ఆ పెట్టె దగ్గర ఆగి
తలుపు నెట్టి మూస్తుంది.
"గాలికి కొట్టుకుంటోంది, పాపం" అంటుంది.
పాపమన్నది తలుపుని.
వాడు తననే అనుకున్నట్టున్నాడు,
ఆ పూట చలి పెట్టలేదు.

ఓ రోజు నాతోనూ మాట్లాడాడు.
"నిన్ను రాణిని చేస్తాను."
బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం.
ముందు దాని సంగతి చూడవయ్యా అన్నాను.
చాలాసేపు చప్పుడు లేదు.
ఇల్లు చేరేదాకా నవ్వుకున్నాను.

ఆ వారమే దుప్పట్ల లెక్క తప్పింది.
తప్పు నాది.
సూపర్‌వైజరు అడిగినప్పుడు నోరు మెదపలేదు నేను.
నా వేలు తనంతట తానే లేచి
కొత్తగా చేరిన ఇలీన్కా వైపు చూపించింది.
ఆ పిల్లకి ఇంగ్లీషు ఇంకా సరిగా రాదు.
కాదని చెప్పడానికి మాట వెతుక్కుంటూంటే
ఆమె జీతంలోంచి కోసేశారు.
గోటి కింద అప్పుడు తెలిసింది,
మడమల దగ్గరుండే ఆ చలి.

వాడికి కోటలక్కర్లేదు.
ఓ వేలు చాలు, అరక్షణం.

ఇవాళ మంచు పడుతోంది. బస్సు రాలేదు.
పెట్టెలో రిసీవరు వేలాడుతోంది,
ఎవరో మాట్లాడి పెట్టెయ్యడం మరిచారు.
తీసి పెట్టడానికైనా చెయ్యే కావాలి.
నేను రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకుని
వాడికి వినపడేలా,
రాత్రికి ఇలీన్కాతో ఏం చెప్పాలో
తెలుగులో ఓసారి, ఇంగ్లీషులో ఓసారి
వల్లె వేసుకుంటున్నాను.